పోలింగ్ రోజు వంట

బొరుగులు నీళ్లలో వేసి, పూర్తిగా మెత్తబడక ముందే రెండు చేతులతో పిండి తీయాలి. కాస్త ఏమరితే ముద్దయిపోతాయి. వనజాక్షి ఆ పని తెల్లవారకముందే మొదలుపెట్టింది. పోలింగ్ బూతుల్లో కూర్చునే ఏజెంట్లకు, ఓటర్లను తెచ్చే ఆటోవాళ్లకు, టెంటు కింద ఉండే పార్టీవాళ్లకు పొద్దున్నే ఆ బొరుగుల ఉగ్గాని పొట్లాలు పోవాలి. హోటల్లో చెప్పిద్దామంటే మొగుడు మార్కండేయ ఒప్పుకోలేదు. "ఇంటి తిండి తిన్నోడు కట్టుబడి ఉంటాడు. హోటల్ తిండి తిన్నోడు సాయంత్రానికి ఎదుటోళ్ల టెంటు కింద ఉంటాడు," అన్నాడు. అందులో నిజం లేకపోలేదు. ఆ ఇంటి తిండి వండేది అభ్యర్థి అన్న సంగతే ఆయనకు గుర్తున్నట్టు లేదు.

అవును, అభ్యర్థి ఆమే. వార్డు రిజర్వేషన్లో ఆడవాళ్లకు పోయిందని కిందటిసారి భార్యను నిలబెట్టాడు, గెలిపించాడు, ఐదేళ్లు ఏలాడు. మళ్లీ ఆడవాళ్లకే వచ్చింది, మళ్లీ ఆమే. వార్డులో ఆయన్ని కార్పొరేటర్ అంటారు, ఆమెను కార్పొరేటర్ పెండ్లాం అంటారు. అనంతపురంలో ఎవరికీ ఇది వింతగా తోచదు. పోస్టర్లో ఆయన దండం పెడుతూ నిలువెత్తున ఉంటాడు. ఆమె ఆయన భుజం పక్కన, బొట్టుబిళ్ల కన్నా కాస్త పెద్దగా ఉంటుంది.

మొదట్లో ఆమెకూ ఆశ ఉండేది. మొదటి కౌన్సిల్ సమావేశానికి పట్టుచీర కట్టుకుని పోయింది. కొళాయి నీళ్లు ఎప్పుడో ఒకరోజు, అదీ అందరూ పడుకున్నాక వదులుతున్నారని, ఆడవాళ్లు నిద్ర చెడగొట్టుకుని బిందెలు మోస్తున్నారని, పగలు వదలమని అడుగుదామని దారంతా మాటలు కూర్చుకుంది. లేచి నిలబడబోతుంటే, చూడవచ్చినవాళ్లు కూర్చునే వెనక బెంచీ మీద నుంచి మార్కండేయ కూర్చోమని సైగ చేశాడు. కూర్చుంది. "నీళ్ల కాంట్రాక్టు ఎవరిదో తెలుసునా నీకు? సంతకం పెట్టు, చాలు," అన్నాడు ఇంటికొచ్చాక. అత్త వెంకటలక్ష్మమ్మ పక్కనుంచి, "పేరు నీది, కష్టం వానిది. ఇంకేం కావల్లమ్మా నీకు?" అంది. ఆ రోజు వనజాక్షి ఏడ్చింది. తర్వాత ఏడవలేదు, కోపమూ రాలేదు. మనసు తిమ్మిరెక్కిన కాలులా తయారైంది. ఉందని తెలుసు, గిల్లినా తెలియదు.

ఈసారి ప్రచారంలో కుంకుమ భరిణె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఆడవాళ్లకు బొట్టు పెట్టి ఓటు అడగడం వరకు ఆడమనిషే కావాలి కదా. సిద్దమ్మ అనే ముసలామె నుదురు ముందుకు వంచి బొట్టు పెట్టించుకుని, "పోయినసారీ ఆడమనిషికే ఏసినాం ఓటు. ఆయమ్మ ఒక్క దినమన్నా ఈ దిక్కు రాలేదు. నువ్వన్నా వస్తావామ్మా?" అంది. ఆయమ్మ నేనే అని చెప్పడానికి వనజాక్షికి నోరు రాలేదు. వెంట ఉన్న తిప్పేష్, మార్కండేయకు కుడిచేయి లాంటివాడు, నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగాడు.

ఆ సాయంత్రం మొగుడితో అంది: "ఈసారి గెలిస్తే ఆఫీసుకు నేను పోతా. నీళ్ల సంగతి నేనే మాట్లాడతా."

ఆయన ఫోన్లోంచి తల ఎత్తలేదు. "నువ్వు ఆడికి పోతే ఈడ వంటెవరు చేస్తారే?" అన్నాడు. ఎగతాళి కూడా కాదు. నిజంగానే అడిగాడు.

ఉగ్గాని అయింది. మధ్యాహ్నానికి చిత్రాన్నం అయింది. పొట్లాలు కట్టీ కట్టీ చేతులు పసుపుపచ్చగా తేలాయి. వార్డంతా ఒక్కొక్కర్నీ వెతికి మరీ బూతుకు తీసుకుపోతున్నారు. అత్తను ఆటోలో తీసుకుపోయి తెచ్చారు. పక్షవాతంతో మంచం పట్టిన ఎదురింటి కదిరప్పను కుర్చీతో సహా ఎత్తుకుపోయారు. బెంగళూరుకు పనికిపోయిన వాళ్లను బస్సు పెట్టి రప్పించారు. వనజాక్షిని ఎవరూ పిలవలేదు. ఆమె వేసే ఉంటుందని ఎవరికి వారు అనుకున్నారు.

పోలింగ్ ఇంకాసేపట్లో ముగుస్తుందనగా మార్కండేయ ఫోన్ చేశాడు. "పొట్లాలు చాల్లేదు. ఇంకా పంపియ్యి, బిరీన."

"నేను ఓటు..." అనేలోపే పెట్టేశాడు.

కట్టి తిప్పేష్ చేతికిచ్చింది. అతను బండి తిప్పుకుని పోయాడు. బూతు సందు చివరి బడిలోనే. ఇంకా టైముంది. చేతులు కడుక్కుంది, చెప్పులు వేసుకుంది, గేటు దాకా వచ్చింది. ఎదురుగా గోడ మీద ఆయన దండం పెడుతున్నాడు. ఓటు కాగితం మీద ఉండేది తన పేరే. ముద్ర పడేది మాత్రం ఆయనకు. ఇంకో ఐదేళ్లు సంతకాలు, ఇంకో ఐదేళ్లు వెనక బెంచీ మీద నుంచి సైగలు, మళ్లీ ఎప్పుడో సిద్దమ్మ గడపలో నువ్వన్నా వస్తావామ్మా అన్న మాట. బాధగా ఉందేమోనని తనలోకి చూసుకుంది. ఏమీ లేదు. కాళ్లు మాత్రం కదల్లేదు, అంతే. లోపలికొచ్చి చెప్పులు విడిచి, అడుగంటిన గుండిగలో నీళ్లు పోసి నానబెట్టింది.

లెక్కింపు రోజు వనజాక్షికీ, ఎదుటి పార్టీ ప్రశాంతికీ ఓట్లు సమానంగా వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టినా అంతే. అధికారి ఇద్దరి పేర్లూ రాసిన రెండు చీటీలు మడిచి డబ్బాలో వేసి ఒకటి తీశాడు. ప్రశాంతి పేరు వచ్చింది, గెలుపు ఆమెదైంది. బయట దండలు ప్రశాంతి మొగుడి మెడలో పడ్డాయి.

ఇంటికొచ్చిన మార్కండేయ హాల్లో కూలబడ్డాడు. తిప్పేష్ తల వంచుకుని నిలబడ్డాడు. "ఒక్క ఓటప్పా. ఒక్కటుంటే చీటీ పనే లేకపోయె. మనోళ్లలో ఎవడో ఎగ్గొట్టినాడు. ఒక్కొక్కని వేలు చూస్తా, సిరా గురుతు లేనోని సంగతి తేలుస్తా," అన్నాడు మార్కండేయ.

వెంకటలక్ష్మమ్మ అడగకముందే తన ఎడమ చెయ్యి చాపింది. వేలి మీద సిరా నల్లగా ఉంది. "నాది చూడు నాయనా," అంది.

లెక్కింపు ఏజెంట్ల కోసం పొద్దున్నే మళ్లీ చిత్రాన్నం చేసిన వనజాక్షి వంటింట్లోంచి వచ్చింది. చెంగుతో చేయి తుడుచుకుని, ఎడమ చేతి చూపుడువేలు మొగుడి ముందు పెట్టింది. పసుపు మరక తప్ప ఇంకేమీ లేదు.

ఆయన వేలు చూశాడు. తర్వాత, చాలా ఏళ్లకు మొదటిసారి, ఆమె ముఖంలోకి చూశాడు. "మరిచిపోయినావా?" అన్నాడు.

"నన్ను పిలిచేది మీరు మరిచిపోయినారు," అంది వనజాక్షి. "నేను మరిచిపోలేదు."