మీటరు సగానికి పడిన రోజు

సియోల్‌లో, యోంగ్సాన్ కంప్యూటర్ బజారులో ముప్ఫై ఒక్క ఏళ్ళు కొట్టు నడిపినవాణ్ణి నేను. ఏ గ్రాఫిక్స్ కార్డు ఎంత కరెంటు తాగుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అలాంటివాణ్ణి, కొట్టు మూసేశాక గదిలో పెట్టుకున్నది మాత్రం మూడువందల యాభై వాట్ల పాత కార్డు. నాతో బాదుక్ రాళ్ళాట ఆడేది ఆ కంప్యూటరొక్కటే. పొద్దున ఏడింటికి కూర్చుంటే రాత్రి తొమ్మిది దాకా నల్లరాళ్ళు నావి, తెల్లరాళ్ళు దానివి. కార్డు ఫ్యాను హోరు వినిపిస్తుంటే ఇంట్లో ఇంకొకరున్నట్టే ఉండేది.

రోజుకు ఐదు యూనిట్లు అదొక్కటే మింగేది. ఫ్రిజ్జు, లైటు, అన్నం కుక్కరు అన్నీ కలిపితే మూడు. నెల తిరిగేసరికి రెండువందలు దాటి పై స్లాబులో పడేవాణ్ణి. మే నెల బిల్లు చూసి ఒళ్ళు మండింది. అదే ఆట అంతే బాగా ఆడే నూట పదిహేను వాట్ల కార్డు కొని బిగించాను. ఎనిమిది యూనిట్లు నాలుగున్నరకు దిగాయి. ఈ ఘనకార్యం ఎవరికైనా చెప్పుకుందామని ఫోను తీశాను. ఎవరికి చెప్పాలో తోచక మళ్ళీ పెట్టేశాను.

మూడో రోజు పొద్దున ఫోను మోగింది. "మీరు క్షేమమేనా? క్షేమమైతే ఒకటి నొక్కండి" అంది యంత్రం గొంతు. ఇలాంటి టోపీలు చాలా చూశాంలే అని కట్ చేశాను. మళ్ళీ మోగితే మళ్ళీ కట్ చేశాను. గంట తిరక్కుండానే ఎవరో తలుపు దబదబా బాదారు.

తీస్తే ఒక అమ్మాయి. మెడలో వార్డు ఆఫీసు గుర్తింపు కార్డు, ముఖమంతా చెమట.

"హమ్మయ్య! బతికే ఉన్నారా తాతగారూ!"

"ఏం, నా చావుకి ముహూర్తం పెట్టుకొచ్చావా?"

ఆ పిల్ల నవ్వుతూ గడపలోనే కూలబడింది. పేరు హేరన్. పోయిన చలికాలంలో వాళ్ళిచ్చిన రామ్యన్ నూడుల్స్ పెట్టె తీసుకుంటూ నేనేదో కాగితం మీద సంతకం పెట్టానట. ఒంటరిగా ఉండేవాళ్ళ కరెంటు వాడకం మీద ఆఫీసు ఓ కన్నేసి ఉంచుతుందట. అది ఉన్నట్టుండి పడిపోతే ఫోను వస్తుంది, ఫోను తీయకపోతే మనిషి వస్తుంది.

"పెరిగితే రారా?"

"పెరిగితే బతికున్నట్టే కదా, ఇంకెందుకు రావడం?"

బార్లీ నీళ్ళిచ్చాను. రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి వాట్ల లెక్కంతా వివరించాను. ఆ పిల్ల చివరిదాకా విన్నది. "ఈ పాతది తాగినంత మా ఆయన కూడా తాగడు తాతగారూ!" అని నవ్వింది. ఇరవై నిమిషాలు కూర్చుంది. ఆ గ్లాసు రెండు రోజులు కడగలేదు నేను. సిగ్గు విడిచి చెబుతున్నాను, అంత సంతోషం నాకు ఏళ్ళ తరబడి లేదు.

ఆ తరువాత వారాలు గడిచాయి. కొత్త కార్డు చప్పుడు చేయదు. ఫోను మోగదు. నాలుగున్నర యూనిట్లకు ఆఫీసు అలవాటుపడిపోయింది.

అరవై ఎనిమిదేళ్ళ వయసు, ఆరేళ్ళ బుద్ధి. పాత కార్డు మళ్ళీ బిగించాను. ఒక నెలంతా పై స్లాబు బిల్లు కట్టి, ఎనిమిది యూనిట్లకు మళ్ళీ అలవాటు చేశాను. అప్పుడు తీసేసి కొత్తది పెట్టాను. మూడో రోజు ఫోను మోగింది. తీయలేదు. బార్లీ నీళ్ళు కాచి పెట్టుకున్నాను.

హేరన్ పరుగెత్తుకుంటూ వచ్చింది. నన్ను చూసింది. బల్ల మీద దుమ్ము తుడిచి పెట్టిన పాత కార్డునూ, పక్కనే సిద్ధంగా ఉన్న రెండు గ్లాసులనూ చూసింది. ఈసారి నవ్వలేదు.

"కావాలనే చేశారా?"

చెయ్యి చాచి ఒక గ్లాసు వెనక్కి జరిపాను.

"ఇవాళ రెండు పేర్లొచ్చాయి తాతగారూ. మీదీ, పై వీధి ఓక్‌బున్ అవ్వదీ. ఇద్దరూ ఫోను తీయలేదు. మిమ్మల్ని ఎరుగుదును కదా అని ముందు మీ దగ్గరికొచ్చాను."

అంటూనే మెట్లెక్కి పరుగు తీసింది. నేనూ వెనకాలే వెళ్ళాను. మోకాళ్ళు నొప్పి పెట్టాయి, పెట్టనీ. అవ్వ ఇంటి యజమాని తాళం తీశాడు. ముసలావిడ మొన్న పొద్దున స్నానాలగదిలో జారిపడిందట. తుంటి విరిగింది. అరిచి అరిచి గొంతు పోయింది. ప్రాణముంది. ఆ గచ్చు మీద ఆవిడ పడి ఉన్న ఆఖరి అరగంట నా బార్లీ నీళ్ళ వల్లే.

ఆదివారం గుమ్మడికాయ జావ పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను. ఆవిడకు గొంతు కొంచెం వచ్చింది.

"ఎవరు నాయనా నువ్వు?"

"ఆ రోజు వార్డు ఆఫీసు లిస్టులో మీకంటే ముందున్నవాణ్ణమ్మా."

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా కంగారుగా చూసింది.

"అయ్యో, నీకేమైంది?"

"నాకేమీ కాలేదమ్మా" అన్నాను. జావ గిన్నె మూత ఎంతకీ రాలేదు.