పెద్దమ్మ ఉతికిన టూత్‌పేస్టు

మా పెద్దమ్మ చేతిలో పడ్డ గుడ్డ ఏదీ మురికిగా గడప దాటదు. ఆ ఒక్క గుణమే మా కొంప ముంచేదాకా వచ్చింది.

ముందు టూత్‌పేస్టు సంగతి చెప్పాలి. పెద్దమ్మది కర్టెన్లు, సోఫా కవర్లు కుట్టే కొట్టు. ఇప్పుడు కొట్టును నేను చూసుకుంటున్నాను, ఆవిడ కుర్చీలో కూచుని నన్ను చూసుకుంటుంది. ఆవిడకి పెళ్ళైన కొత్తల్లో పైగదిలో ఒక బక్కపల్చటి బొమ్మలాయన అద్దెకుండేవాడట. సబ్బుబిళ్ళ, దువ్వెన, బల్బు, ఇలా రోజూ చేతికి తగిలే వస్తువుల్నే మనిషంత పెద్దగా చేసేవాడు. ఆయన గీసి కత్తిరిస్తే ఈవిడ మిషన్ మీద కుట్టిపెట్టేది. అలా ఇద్దరూ కలిసి ఒక టూత్‌పేస్టు ట్యూబు చేశారు. తెల్లటి ఒళ్ళు, నీలం చార, ఎర్ర మూత. గది ఖాళీ చేస్తూ ఆయన దాన్ని పెద్దమ్మకే ఇచ్చి వెళ్ళిపోయాడు.

తర్వాత ఆయన ఎక్కడికో వెళ్ళిపోయాడు, ఎంతో ఎదిగిపోయాడు. ఇలాంటి బొమ్మల్ని పాప్ ఆర్టు అంటారట, దానికి ఆయనే అన్నంతగా పేరొచ్చింది. ట్యూబు మాత్రం మా ఇంట్లో బాలీసుగా స్థిరపడింది. పిల్లలందరం దానిమీదే చొంగ కార్చుకుంటూ పెరిగాం. మేం పెద్దయ్యాక పెద్దనాన్న దాన్ని నడుంనొప్పి పేరుతో కబ్జా చేశాడు.

"ఆయన మా పైగదిలోనే ఉండేవాడు, ఆయన బొమ్మ నేను కుట్టాను" అని పెద్దమ్మ అంటే ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. కొట్టుకొచ్చిన వాళ్ళు ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు. అంతా కళ్ళారా చూసిన పెద్దనాన్నయితే మరీనూ. "ఏమే, రాజుగారి కిరీటానికి కూడా లైనింగ్ నువ్వే వేశావా?" అనేవాడు. ఆవిడకున్న ఆధారం ఒక్కటే, ట్యూబు అడుగున నల్లసిరాతో బొమ్మలాయన సంతకం. అది కూడా ఆయన వెళ్ళిపోయిన చాన్నాళ్ళకు, పక్క దులుపుతుంటే ఆవిడ కంటబడింది. అప్పట్నుంచి ఎవరు నవ్వినా "అటు తిప్పి చూడండి" అనేది. తిప్పి చూసినవాళ్ళ నోళ్ళు మూతపడేవి.

బొమ్మలాయన జీవితమంతా చేసినవన్నీ ఒకచోట చేర్చి ఊరూరా తిప్పుతున్న ప్రదర్శన మా ఊరికీ వచ్చింది. మ్యూజియం అమ్మాయి ఒకతె మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, ట్యూబుకీ సంతకానికీ ఫొటోలు తీసుకుని, వారంలో బండి పంపిస్తామంది. పెద్దమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఆ అమ్మాయి మెట్లు దిగగానే ట్యూబును ఎగాదిగా చూసింది.

"పదిమందీ చూసే చోటికి ఈ అవతారంతోనా పంపించేది?" అంది.

నేను ఎవరింట్లోనో కిటికీల కొలతలు తీసుకుని తిరిగొచ్చేసరికి ట్యూబు తొడుగు తీగమీద ఆరుతోంది. పాత దూది తీసేసింది. పిగిలిన కుట్లు మళ్ళీ వేసింది. వెలిసిన మూత పీకేసి నిగనిగలాడే కొత్త ఎర్రగుడ్డ తొడిగింది. సంతకం ఉన్నచోట బూడిదరంగు మరక కూడా మిగల్లేదు.

"ఇన్నాళ్ళూ పోని సిరా ఇవాళే పోవాలా?" అని ఆ చోటును బొటనవేలితో రుద్దుతూ కూచుంది. విచిత్రమేమిటంటే పెద్దనాన్న వెటకారం ఆడలేదు. "పోతే పోయిందిలే" అని కొట్టులోకి వెళ్ళిపోయాడు.

బండి వచ్చినరోజు ట్యూబుతో పాటు పెద్దమ్మా నేనూ వెళ్ళాం. మ్యూజియంలో ట్యూబు విప్పిన అమ్మాయి చూస్తూనే నేలమీద కూలబడింది.

"ఉతికారా?"

"రెండుసార్లు ఉతికానమ్మా" అంది పెద్దమ్మ, ఇంకేదో తప్పు జరిగిందేమో అన్నట్టు.

ఆ అమ్మాయి మంచిది, గొంతు పెంచలేదు. ఆయన మర్నాడు స్వయంగా వస్తున్నాడనీ, ఇది తనదేనని ఆయన నోటితో చెబితే తప్ప హాల్లో పెట్టడం కుదరదనీ చెప్పింది. ఇంటికొస్తూ పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నన్ను గుర్తుపట్టకపోతే ఎలాగే?" అంది. నాకు ఆ సంతకం మీదా, ఆ సిరా మీదా, ముసిముసి నవ్వుల వాళ్ళందరి మీదా ఒక్కసారే ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు పెద్దనాన్నతో సహా ముగ్గురం వెళ్ళాం. హాలంతా దువ్వెనలు, బల్బులు, సబ్బుబిళ్ళలు. మా ట్యూబు ఒక్కటే పక్కగదిలో బల్లమీద పడుంది. బొమ్మలాయన చేతికర్రతో వచ్చాడు. అమ్మాయి సంతకం పోయిన సంగతి చెప్పింది.

"సంతకమా? గుడ్డబొమ్మల మీద నేను ఎప్పుడూ సంతకం పెట్టలేదే" అన్నాడాయన.

అమ్మాయి ఫొటో చూపించింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని చూశాడు. "ఇది నాది కాదు. నాకింత గుండ్రంగా రాయడం చేతకాదు."

"నేను అబద్ధం చెప్పలేదు" అంది పెద్దమ్మ, ఎవరివంకా చూడకుండా. అమ్మాయి ట్యూబును మళ్ళీ సర్దేయడానికి నెమ్మదిగా పెట్టె మూత చేతిలోకి తీసుకుంది.

ఆయన మాత్రం ట్యూబు మీదికి వంగి దాని ఎర్ర మూతను పిసికి చూస్తున్నాడు.

"ఈ ఎరుపు ఎక్కడ దొరికిందక్కా?"

అక్కా అన్న మాటకు పెద్దమ్మ తలెత్తింది.

"అప్పట్లో ఈ రంగే కావాలంటే దొరకలేదని ఇటుకరంగు కర్టెన్ ముక్క వేసేశావు. అలిగి భోజనం మానేశాను."

"మానేశావు. సాయంత్రానికి దిగొచ్చి రెండింతలు తిన్నావు" అంది పెద్దమ్మ. అంటూనే ఏడ్చేసింది.

ఆయన అమ్మాయి వైపు తిరిగాడు. "ఇది నాదే. కుట్టు అక్కది. కార్డు మీద ఇద్దరి పేర్లూ రాయండి. ఉతికేసి మంచిపని చేశావక్కా. ఆ సంతకం కనబడి ఉంటే గుమ్మంలోనే నాది కాదనేసేవాణ్ణి."

"మరి అది ఎవరు పెట్టారు?" అంది అమ్మాయి.

పెద్దనాన్న పైకప్పును పరీక్షిస్తున్నాడు, దాన్ని కట్టిన మేస్త్రీ తనే అన్నంత శ్రద్ధగా.

"బావగారూ" అన్నాడాయన నవ్వుతూ.

"కొట్టుకొచ్చిన ప్రతివాడూ నవ్వి పోతుంటే ఏం చెయ్యమంటావు?" పెద్దనాన్న గొణిగాడు. "పేపర్లో నీ సంతకం పడితే చూసి దించేశాను. మా ఆవిణ్ణి ఏడిపిస్తే నేను ఏడిపించాలి. మధ్యన వాళ్ళెవరు?"

ఆయన పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. పెద్దమ్మ మాత్రం గబగబా బయటికి నడిచింది. బస్సులో వచ్చి నా పక్కన కూచుంది. పెద్దనాన్న వెనకసీట్లో అద్దం పగలగొట్టిన పిల్లాడిలా ఒదిగి కూచున్నాడు.

ట్యూబు ఇక ప్రదర్శనతో పాటు ఊళ్ళు తిరుగుతుంది, ఇప్పట్లో రాదు. కొట్టు కట్టేసే వేళకు పెద్దమ్మ పై అర లోంచి ఒక కొత్త బాలీసు దింపి పెద్దనాన్న ఒళ్ళో పెట్టింది.

"పాత దూది పారేయలేదు. ఏకించి ఇందులో కూరాను. అది లేకపోతే మీకు నిద్రపట్టదుగా" అంది.

పెద్దనాన్న దాన్ని అటూ ఇటూ నొక్కి చూశాడు. పెద్దమ్మ గుడ్డలకు గుర్తులు పెట్టే పెన్ను తీసి ఆయన చేతికిచ్చింది.

"సంతకం పెట్టండి."

"ఎవరిది?" అన్నాడు భయంభయంగా.

"ఈసారి మీది."