దుప్పటి రెండో కొస

"గట్టిగా లాగవే, ముడతలు పోవట్లా!" అంది అమ్మ, దుప్పటి అవతలి కొస పట్టుకుని.

అక్క లాగింది. ఆ లాండ్రీలో దుప్పటి మడవాలంటే ఇద్దరు కావాలి. మొన్నటిదాకా అమ్మకు ఎదురుగా చెల్లెలు నిలబడేది. ఆ పిల్లకు చెవిలో మాటలు వినిపించి, డాక్టరమ్మ జబ్బని తేల్చాక, ఇంట్లో పడుకుంది. ఇప్పుడు అక్క తన ఇస్త్రీ పనితో పాటు చెల్లెలి పనీ చేస్తోంది.

"ఇటు రా" అని మిషను వెనక నుంచి ఎవరో పిలిచారు. అక్క తిరగలేదు. అక్కడ ఎవరూ ఉండరని తెలుసు.

ఈ సంగతి నిన్న ఆసుపత్రిలో చెప్పింది కూడా. డాక్టరమ్మ అడగాల్సినవన్నీ అడిగింది. "నిద్ర చాలకపోతే చాలామంది పిల్లలకు ఇలాంటి మాటలు వినిపిస్తాయమ్మా. నీది జబ్బుదాకా రాలేదు. విశ్రాంతి తీసుకో, పెరిగితే వెంటనే రా."

"ఎక్కడిదాకా వస్తే జబ్బండీ?"

"ఇదిగో, ఇక్కణ్ణించి అని గీత గీసి చెప్పలేం."

అమ్మ చెవికి మాత్రం జబ్బు కాదన్న ముక్కే ఎక్కింది. "బతికించావు తల్లీ" అంది.

అక్కకు కడుపు మండిపోయింది. అమ్మ తల దువ్వేది చెల్లెలికే. పాలగ్లాసు మంచం దగ్గరికి వచ్చేది చెల్లెలికే. ఇంట్లో ఉన్న ఒక్క ఫ్యానూ అటే తిరిగి ఉంటుంది. ఆ జబ్బేదో తనకే రాకూడదా అనుకుంది. అనుకున్నందుకు సిగ్గు కూడా పడలేదు.

నిన్న సాయంత్రమే ఇంట్లో చెల్లెలు అడిగింది. "నీ చెవిలో గొంతు ఏమంటుందక్కా?"

"ఇటు రా అంటుంది. అంతే."

"అంతేనా? నన్ను చచ్చిపొమ్మంటుంది." చెల్లెలి కళ్లలోనూ అసూయే కనబడింది. "నీది నయం. మొదట్లో నాదీ ఉత్తినే పిలిచేది."

ఆ మాటకు అక్క ఒళ్లు చల్లబడింది.

"మేస్త్రీతో మాట్లాడా" అంటోంది ఇప్పుడు లాండ్రీలో అమ్మ, దుప్పటి మడత కలపడానికి దగ్గరికొస్తూ. "చెల్లి సాయంత్రం షిఫ్టు కూడా రేపట్నించి నువ్వే చెయ్యి. నీకేం, గుండ్రాయిలా ఉన్నావు."

"నేను చెయ్యను."

"ఏంటీ?"

"చెయ్యనమ్మా. పడిపోయాకే కూర్చోబెడతావా నన్ను?"

అక్క కొస వదిలేసి మూటల మీద కూలబడింది. ఉతికిన దుప్పటి తడి నేల మీదికి జారింది. అమ్మ తిట్టబోయి, కూతురు ఉలిక్కిపడి మిషను వైపు తిరగడం చూసి ఆగిపోయింది. తన కొస చేతిలో పట్టుకునే, మొదటిసారి, తనూ అటు చూసింది.