అక్క మెడ కొలత

ఆ రోజు మా అక్క భోజనానికి వస్తోంది. ఏడాది కిందట పెళ్ళయి వెళ్ళాక మళ్ళీ ఈ ఇంటి గడప తొక్కడం అదే మొదటిసారి. అన్నం తిన్నాక తనని ఒక మాట అడగాలని నిశ్చయించుకున్నాను. "అక్కా, మళ్ళీ ఇక్కడికే వచ్చెయ్యి" అని. మొగుడితో హాయిగా ఉన్న మనిషిని పట్టుకుని అలా అడగడం తప్పని నాకు తెలియక కాదు. తెలిసే అడగాలనుకున్నాను. తప్పొప్పులు తూచుకుంటూ కూర్చునే ఓపిక నాకు ఆ ఏడాదిలో పూర్తిగా హరించుకుపోయింది.

పొద్దున్నే బజారుకి పోయి పెద్ద చేప కొన్నాను. ఎన్నాళ్ళకి కనబడ్డానో చేపలావిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టబోతే, ముందు పొలుసు గీకమ్మా, లెక్కలు తర్వాత అన్నాను. వెన్న, నిమ్మకాయలు, బంగాళాదుంపలు, సూపుకి బాగా ముగ్గిన టమాటాలు, చివర్లో చక్కెర వేసి సన్నని సెగ మీద మగ్గపెట్టడానికి పుల్లటి యాపిల్స్. రొట్టె మాత్రం కొనలేదు. అక్క మొగుడిది బేకరీ. రొట్టెలాయన పెళ్ళానికి మనం రొట్టె పెట్టి మాట పడటం ఎందుకు?

మేమిద్దరం చాలా ఏళ్ళు ఈ మేడ మీద ఇంట్లోనే ఉన్నాం. ఉన్నది ఒక్క పెద్ద గది, పక్కన వంటిల్లు, వెనక రెండు చిన్న గదులు. పెద్ద గదిలో కిటికీ వైపు నా బల్ల, దానికి ఎదురుగా అక్క కుట్టు మిషను. అక్క పాత బట్టలకి ప్రాణం పోసేది. ఎవరైనా ఇల్లు ఖాళీ చేస్తున్నారని తెలిస్తే చాలు, వెళ్ళి వాళ్ళ పెట్టెల అడుగు నుంచి లేసు కాలర్ల జాకెట్లు, వెల్వెట్ కోట్లు, మా అమ్మమ్మల కాలం నాటి పొడుగు చేతుల గౌన్లు ఏరుకొచ్చేది. పురుగు కొట్టిన చోట ఆ గుడ్డ లోపలి నుంచే దారం లాగి రఫ్ఫు చేసేది. కుట్టు ఎక్కడ పడిందో మర్నాడు తనే వెతుక్కోవాలి, అంత శుభ్రమైన చెయ్యి. ఇక బాగుపడవనుకున్న బట్టల గాజు గుండీలు, తెగిన పూసలు, రంగుపోని కొక్కేలు నా వాటా. వాటితో నేను నెక్లెసులు గుచ్చేదాన్ని. మంచివన్నీ అమ్ముకుని, అమ్ముడుపోనివి మేమే తొడుక్కుని వీధిలోకి దిగేవాళ్ళం. వీధిలో మాకు "నాటకాల కంపెనీ" అని పేరు. అననీ, డబ్బు పెట్టి కొనుక్కున్నా అంత మంచి పేరు రాదు అనేది అక్క.

నేను గుచ్చేవి మెడని అంటిపెట్టుకుని ఉండే రకం. పట్టుదారం మీద పూసకీ పూసకీ మధ్య ముడి వేస్తాను. తెగినా ఒక్క పూసే రాలుతుంది గానీ గదంతా దొర్లవు. ఆ ముడులతోనే ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకసారి పూర్తయ్యాక పొడుగు పెంచాలంటే మొత్తం కోసి మళ్ళీ మొదటి నుంచి గుచ్చుకోవాల్సిందే. కాబట్టి కొలత ముందే చూసుకోవాలి. నా కొలత అక్క మెడ. నేను లేచి వెళ్తే తను మిషను ఆపకుండానే తల వంచేది, దారం చుట్టి చూసుకునేదాన్ని. సరిపోయింది అనగానే తను, "సరిపోయింది నాకు. ఇంకో నాలుగు పూసలు వెయ్యవే, ఊళ్ళో అందరివీ కొంగ మెడలు కావు" అనేది. నేను సణుక్కుంటూ వేసేదాన్ని. ఎప్పుడూ అదే మాట, ఎప్పుడూ అదే సణుగుడు. మా పని అలా నడిచిపోయేది.

మధ్యాహ్నం వంట నాది. అక్క పిట్టలా తినేది. ఎంత బాగా వండినా రెండు ముద్దలు తిని, చాలా బాగుందే అని చెయ్యి కడిగేసుకునేది. నాకు ఒళ్ళు మండేది.

అలాంటి ఇంట్లోకి రొట్టెల బావ వచ్చాడు. పక్క ఊళ్ళో బేకరీ, పెళ్ళాం పోయిన మనిషి, పిండి మిల్లు పని మీద వారం వారం మా ఊరు వచ్చేవాడు. మొదట కోటు చెయ్యి చిరిగిందని తెచ్చాడు. తర్వాత జేబు ఊడిందన్నాడు. ఆ తర్వాత లోపలి గుడ్డ చిరిగిందన్నాడు. నేను తీసి చూశాను కదా, అది కత్తెరతో కోసిన కోత. గుడ్డ తనంతట తాను చిరిగితే అంత తిన్నగా చిరగదు. ఆ సంగతి చెవిన వేస్తే అక్క సూదిలోకి దారం ఎక్కిస్తూ, నాకు తెలుసులే అంది. తెలిసీ కుట్టిపెడుతోందంటే ఇక నా పని గోవిందా అని అప్పుడే అర్థమైంది.

యాభై దాటాక పెళ్ళేమిటని కింద ఇంటావిడ మూతి విరిచింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ అని ఆవిడ నోరు మూయించాను. మెట్లెక్కి పైకి వచ్చి తలుపేసుకున్నాక నేనూ అదే మాట అనుకున్నాను, ఈ వయసులో పెళ్ళేమిటి అని. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు గానీ, ఇప్పుడు దాచి ఎవరికి పెట్టాలి?

తను వెళ్ళాక ఇల్లు ఎంత పెద్దదో తెలిసింది. ఒక్కదానికి వండుకోవడమంత దరిద్రపు పని ఇంకోటి లేదు. సగం ఉల్లిపాయ తరిగి మిగతా సగాన్ని ఏం చెయ్యాలో తోచేది కాదు. కొన్నాళ్ళు ఇద్దరికీ వండి మర్నాడు అదే తిన్నాను. తర్వాత వండటమే మానేశాను. కిటికీ దగ్గర నిలబడి ఉడికించిన గుడ్డూ ఎండు రొట్టే తినేదాన్ని. కూర్చుంటే ఎదురు కుర్చీ కనబడుతుంది. అక్క ఫోను చేసి ఏం వండావే అంటే మాత్రం, చేప వేయించాను, పుట్టగొడుగుల సూపు కాచాను అని నోటికొచ్చిన వంటలన్నీ ఏకరువు పెట్టేదాన్ని. అక్క లేకపోతే నేను తిండి కూడా తినలేనని ఒప్పుకోవడం నాకు చచ్చేంత సిగ్గు.

కొలతకి ఒక చెక్క మెడ కొనుక్కున్నాను. గుడ్డి కన్నా మెల్ల మేలు కదా అనుకున్నాను. కానీ చెక్క మెడ ఇంకో నాలుగు పూసలు వెయ్యవే అనదు. కొన్ని నెలలయ్యాక, నా సరుకు అమ్మిపెట్టే షాపావిడ ఒక సంచి నిండా నెక్లెసులు తెచ్చి బల్ల మీద పోసింది. ఏమ్మా, ఇవి మెడలకి చేశావా మణికట్లకి చేశావా, పెట్టుకున్న వాళ్ళకి ఊపిరాడటం లేదట అంది. మీ వాళ్ళని కాస్త తిండి తగ్గించమనండి అని నేను ఎగిరాను. ఆవిడ పోయాక వాటిని ఒక్కొక్కటే చెక్క మెడకి పెట్టి చూశాను. ఒక్కటీ చుట్టూ అందలేదు. దాని మీద కొలిచి గుచ్చినవే అన్నీ! దారం దాని మీదే పట్టుకున్నాను గానీ, ఆఖరి ముడి దగ్గరికి వచ్చేసరికి నా వేళ్ళు వాటంతట అవే అక్క మెడ దగ్గర ఆగిపోతున్నాయి. ఇన్నేళ్ళ అలవాటు. ఆ సంచి ముందేసుకుని కూర్చుని ఏడ్చాను. నాకు అక్క కావాలి అని పైకే అన్నాను. వినేవాళ్ళెవరున్నారు కనక!

అడగాలన్న ఆలోచన అప్పుడే పుట్టింది. ఎన్నాళ్ళ నుంచో దాచుకున్న ముదురు నీలం గాజు పూసలు తీసి, అక్క కోసమే ఒక నెక్లెసు గుచ్చాను. ఇది సరిపోతుందా లేదా అన్న బెంగ లేదు, నా వేళ్ళకి తెలిసిన కొలత అదొక్కటే. ఎదురుగా కూర్చుని అడిగే ధైర్యం నాకు లేదు. అందుకని వెనక నిలబడి, మెడలో నెక్లెసు పెడుతూ, కొక్కెం పడగానే అడిగెయ్యాలి. అదీ నా పథకం.

అక్క బస్సు దిగి, రొట్టెల సంచి చంకన పెట్టుకుని, ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. ఎర్ర వెల్వెట్ కోటు, మెడ చుట్టూ మఫ్లరు. బుగ్గలు నున్నగా ఉన్నాయి. ఎంత బాగుందో అనుకున్నాను, అంతకు మించి ఆలోచించలేదు. వచ్చీ రాగానే వంటింట్లోకి పోయి మూత తీసి వాసన చూసింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. చలని కోటైనా విప్పకుండా సూపు తాగింది. ఇంకాస్త పొయ్యమంది. చేపని ముళ్ళు తీసుకుంటూ, వెన్నలో వేగిన తోలు కూడా వదలకుండా తింది. దుంపలు రెండుసార్లు పెట్టించుకుంది. ఇన్నేళ్ళూ నేను బతిమాలినా తినని మనిషి!

ఇంత ఆకలెక్కడిదని అడిగితే నవ్వింది. బావ తెల్లారకుండా లేచి పిండి కలుపుతాడట, మొదటి వాయ పొయ్యిలోంచి తియ్యగానే ఇద్దరూ గట్టు మీద కూర్చుని వేడివేడిగా తింటారట, అప్పటి నుంచి రోజంతా ఆకలేనట. పాత బట్టలు కుడుతున్నావా అంటే అప్పుడప్పుడు అంది. ఈ మధ్య కాల్చబోయే రొట్టెల మీద గాట్లు పెట్టడం నేర్చుకుందట. ఒక్కో రొట్టె మీద ఒక్కో లేసు నమూనా గీస్తుందట, అవి కోయడానికి మనసు రావడం లేదని జనం తిట్టుకుంటున్నారట. చెబుతూ బల్ల మీద వేలితో గీసి చూపించింది. గీస్తున్నంతసేపూ తను నన్ను చూడనేలేదు.

యాపిల్స్ పెట్టే దాకా ఆగలేకపోయాను. కోటు విప్పు, నీకొకటి చేశాను అన్నాను. అక్క మఫ్లరూ కోటూ తీసింది. కోటుకి రెండు పక్కలా కుట్లు విప్పి, గుడ్డ వదులు చేసి మళ్ళీ కుట్టుకున్న గుర్తులున్నాయి. అవి చూసి కూడా నాకు బుద్ధి రాలేదు. వెనక్కి వెళ్ళి నెక్లెసు చుట్టాను. రెండు కొసలూ కలవలేదు. కాస్త లాగాను. అయినా రెండు వేళ్ళ ఎడం అలాగే ఉంది.

"చంపుతావా ఏమిటే!" అని అక్క పకపకా నవ్వింది.

కొంగ మెడ ఏది? తెల్లగా, గుండ్రంగా, సన్నని మడత పడ్డ మెడ అది. చెవి వెనక పొద్దుటి పిండి ఇంకా కాస్త అంటుకుని ఉంది. ఏడాదిగా నా వేళ్ళు మర్చిపోని కొలత అని మురిసిపోయాను. ఆ మెడ ఈ లోకంలో ఇప్పుడు లేదు. అడగాలనుకున్న మాట నోటిదాకా వచ్చి ఉంది, అక్కడే ఉండిపోయింది. నెక్లెసు తీసి చేతిలోకి తీసుకున్నాను.

అక్క నవ్వు ఆపి వెనక్కి తిరిగి, నా చెయ్యి పట్టుకుంది. మణికట్టు చుట్టూ తన వేళ్ళు చుట్టి చూసింది. షాపావిడ ఫోను చేసిందట. మీ చెల్లెలి చేతి పని అదోలా అయిపోయింది, మనిషి కూడా అలాగే ఉంది అని చెప్పిందట.

"రోజూ చేపలంటావు, సూపులంటావు. ఫోనులో వెనక ఒక్క గిన్నె చప్పుడైనా వినపడేది కాదే. నాకు తెలీదనుకున్నావా?" అంది. నేల వంక చూస్తూ, "మీ బావతో మాట్లాడే వచ్చాను. నువ్వు ఊ అంటే మిషను తెచ్చేసుకుంటాను. ఆయనే వారం వారం వచ్చి పోతుంటాడు" అంది.

నేను అడగాలనుకున్నది తనే తెచ్చి నా చేతిలో పెట్టింది. ఊ అంటే చాలు. మళ్ళీ ఎదురుగా మిషను, మధ్యాహ్నం ఇద్దరికి వంట, ఇంకో నాలుగు పూసలు వెయ్యవే అనే గొంతు. ఎంత కావాలనిపించిందో చెప్పలేను. కానీ ఆ మెడ నా కళ్ళ ముందే ఉంది. నా ఇంట్లో ఇన్నేళ్ళు, నా చేతి వంట తిని, అది ఎప్పుడూ అలా నిండలేదు.

"వద్దు," అన్నాను. "నీ మిషను రొద లేకపోబట్టే ఈ ఏడాది నాకు పని మీద ధ్యాస కుదిరింది. ఇప్పుడు బిగుతుగా ఉండటమే ఫ్యాషను, ఆ షాపావిడ మొహం, ఆవిడకేం తెలుసు? నేను ఒక్కదాన్నే సుఖంగా ఉన్నాను. నువ్వొచ్చి నా ప్రాణం తియ్యకు."

పొమ్మనలేక పొగ పెట్టడం అంటారు. నేను రమ్మందామని పిలిచి మరీ పొగ పెట్టాను.

అక్క నా మొహంలోకి చూసింది. "నిజంగానా?" అంది.

"నిజంగానే."

చిన్నప్పుడు పాలు తాగేశానంటే గ్లాసు తెచ్చి చూసిన మనిషి. జ్వరం లేదంటే నుదురు పట్టి చూసిన మనిషి. ఇన్నేళ్ళలో నేను చెప్పిన అబద్ధం ఒక్కటీ అక్క దగ్గర నిలబడలేదు. ఇది మాత్రం నిలబడింది. బరువు దించుకున్నట్టు తన భుజాలు సడలడం, గుండెల నిండా ఊపిరి పీల్చుకుని మెల్లగా వదలడం నేను చూశాను. కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుని, అయితే ఆ యాపిల్స్ తీసుకురావే, చల్లారిపోతాయి అంది.