వెర్లీన్ పిడికిలి

అమెరికాలోని డేటన్‌లో క్రిస్మస్ ముందు శనివారం మధ్యాహ్నం ఊళ్ళోని బ్యాండ్లన్నీ ఒకే వేదిక ఎక్కుతాయి. ఫంక్, రాక్, సోల్ సంగీతాల్లో ఎవరికొచ్చింది వాళ్ళు వాయిస్తారు. టిక్కెట్టు లేదు. పేదవాళ్ళకి పంచడానికి ఒక బీన్స్ డబ్బా తెచ్చి గుమ్మంలో పెడితే చాలు.

వెర్లీన్ నాలుగు డబ్బాలు పెట్టి, వేదిక పక్క తలుపుకి దగ్గరగా ఉన్న కుర్చీలో కూర్చుంది.

"హాలు అంటుకుంటే అందరికంటే ముందు నువ్వే బయటపడాలనా?" అంది ఒడెస్సా. చర్చి పాటల బృందంలో ఇద్దరిదీ ఇరవయ్యేళ్ళ స్నేహం.

"నవ్వవే, నవ్వు. పోయినేడు హీటరు పేలలేదూ?"

"పేలలేదు. చప్పుడు చేసింది."

క్రంప్ అనే ఆయన నడిపే బ్యాండులో పాత డ్రమ్మరు మానేస్తున్నాడు. ఆ చోటు కోసం క్రంప్ ఇద్దరిని పిలిచాడు, డెల్మార్ అనే అతన్నీ, వెర్లీన్ కూతురు రెనీటానీ. చెరో పాట. నచ్చినవాళ్ళు బ్యాండుతో ఊళ్ళు తిరుగుతారు. ఈ పిలుపు కోసం రెనీటా ఆరేళ్ళు ఎదురుచూసింది.

రెనీటాకి డ్రమ్స్ అబ్బింది చర్చిలో, తొమ్మిదో ఏట. అక్కడ పాట నడిపేది వెర్లీన్. ఆమె చెయ్యెత్తి పిడికిలి బిగిస్తే గొంతులు, ఆర్గను, డ్రమ్స్ అన్నీ టక్కున ఆగాలి. పదిహేడేళ్ళుగా ప్రతి ఆదివారం రెనీటా ఆ పిడికిలి చూసే ఆగుతోంది.

రెనీటా వంతు వచ్చింది. పాట మధ్యలో మిగతా వాయిద్యాలు తప్పుకుని రెనీటాని ఒంటరిగా వదిలాయి. ఆ వేగానికి ఆమె చేతులు కంటికి ఆనడం లేదు. జనం ఊగిపోతున్నారు. అప్పుడు ఆమె వెనక నుంచి తెల్లటి పొగ లేచింది.

అందం కోసం వదిలే పొగ అది. వెర్లీన్‌కి ఆ సంగతి తట్టలేదు. బిడ్డ వెనక మంటలే కనిపించాయి. నోరు పెగలక, కుర్చీ ఎక్కి, చెయ్యెత్తి పిడికిలి బిగించింది.

డ్రమ్స్ ఆగిపోయాయి.

"పిల్లని కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండర్రా!" అని క్రంప్ మైకులో నవ్వించాడు. బ్యాండు మళ్ళీ అందుకుంది. రెనీటా మాత్రం అందుకోలేకపోయింది.

అంతా అయ్యాక వెర్లీన్ క్రంప్‌ని పట్టుకుంది. "తప్పు నాది బ్రదర్. పిల్లది కాదు."

"కుర్చీ మీద నిలబడ్డావు, కనపడకుండా ఎలా ఉంటావమ్మా? మంచి డ్రమ్మరే. కానీ నన్ను చూడాల్సిన కళ్ళు నిన్ను చూశాయి. డెల్మార్‌కి మాటిచ్చేశాను."

బయట మంచులో రెనీటా డ్రమ్స్ పెట్టెలు కారులోకి ఎక్కిస్తోంది.

"వెళ్ళి క్రంప్‌ని అడిగావు కదూ? ఇరవయ్యారేళ్ళ దాన్నమ్మా నేను."

"పొగ చూసి, నీకేమన్నా అవుతుందేమోనని..."

"పొగ వదులుతారని నాకు ముందే చెప్పారు. అయినా నీ చెయ్యి చూడగానే డ్రమ్ తొక్కే కాలు ఆగిపోయింది. నేను ఆపలేదు, అదే ఆగింది."

అరిచినా బాగుండేది. ఆ గొంతులో కోపం లేకపోవడమే వెర్లీన్‌ని కోసేసింది.

"పండగ ఆరాధనకి వాయిస్తాను. తర్వాత వేరే ఎవరినైనా చూసుకో."

"చర్చి మానేస్తావా?"

"చర్చి కాదు. నీ ముందు వాయించడం."

మానొద్దని ఎంత బతిమాలాలనుందో. అయినా వెర్లీన్ వంగి, బరువైన పెట్టె రెండో కొస పట్టుకుంది.

"ఒడెస్సా మేనల్లుడు కాస్త వాయిస్తాడంటారు," అంది. "అడుగుతాలే."