పడవక్క రేవు

పడవ పలక మీది బురదను అరచేత్తో తుడిచి, పడవక్క ముందుగా ముసలివాళ్లను ఎక్కించుకుంది. లావుపాటి టైలరును సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టి, ఆయన కదిలితే అందరికీ స్నానం తప్పదని నవ్వించింది. ఎండకు కమిలిన మెడ, గెడ తోసి తోసి కాయలు కాసిన చేతులు, ఒకవైపు వంగిపోయిన భుజం. ఈ ఒడ్డు మనిషిని ఆ ఒడ్డుకు చేర్చడం తప్ప ఆమె బతుకులో చెప్పుకోదగ్గ విశేషమేమీ లేదు. ఆ పడవ మీదే తల్లిలేని తమ్ముణ్ణి పెంచి మాస్టారును చేసింది.

ఇవాళ అందరూ వెళ్తున్నది ఆనకట్ట పడగొట్టడం చూడ్డానికి. కరెంటు ఇవ్వడం ఎప్పుడో మానేసిన ఆ గోడను కూల్చేస్తే ఏరు మళ్లీ పారుతుందని, చేపలు పైకి ఎక్కివస్తాయని తమ్ముడు ఇంటింటికీ తిరిగి ఊళ్లను ఒప్పించాడు. మీటింగులకు జనాన్ని పైసా తీసుకోకుండా దాటించింది పడవక్కే. నీళ్లు తగ్గితే తన గతేమిటని ఒకసారి అడిగింది. రేవు దగ్గర లోతు ఎక్కడికీ పోదని తమ్ముడు నవ్వేశాడు. వాడి మాటంటే ఆమెకు శిలాశాసనం.

గోడకు గండి పడింది. దాని వెనక నిలిచిన నీళ్లు దిగిపోయి, పొద్దు వాలేసరికి రేవులో మోకాలి లోతే మిగిలింది. జనం బట్టలు ఎగ్గట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని, కేరింతలు కొడుతూ నడిచే ఇళ్లకు వెళ్లారు. టైలరు కూడా. ఒక్కరూ పడవ వైపు చూడలేదు.

తమ్ముడు బురద తొక్కుకుంటూ వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఇలా అవుతుందని నీకు ముందే తెలుసా?" అని అడిగింది.

వాడు తల దించుకున్నాడు. "చెప్తే నువ్వు మమ్మల్ని పడవ ఎక్కనిచ్చేదానివా, అక్కా?"

ఎక్కనిచ్చేది. అదే ఆమె కడుపు మండించింది. నాలుగు రోజులు ఏడ్చి, వాణ్ణి నాలుగు తిట్టి, అయినా ఎక్కనిచ్చేది. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ల గురించి వినే ఉంది. ఆ తెప్ప మీద పెరిగినవాడే అగ్గిపుల్ల గీస్తాడని ఎవరూ చెప్పలేదు.

"నన్ను అడగాల్సిందిరా," అంది.

మర్నాడు ఇంట్లో ఆమె లేదు. తొలి బస్సు ఎక్కిందని ఎవరో చెప్పారు. ఎక్కడికని అడిగినవాళ్లు లేరు. తమ్ముడు రేవుకు పరుగెత్తాడు. ఏరు సన్నగా, తేటగా, చప్పుడు చేస్తూ పారుతోంది. బురదలో ఒరిగిన పడవలో, నీళ్లు తోడే సత్తు డబ్బా శుభ్రంగా కడిగి బోర్లించి ఉంది.