మూడంగుళాల రోడ్డు

మా తోటికోడలికి నోట్లో నాలుక లేదని మా వీధి మొత్తానికి ఒక అభిప్రాయం. ఆవిడ మాట్లాడాల్సినవి కూడా నేనే మాట్లాడేస్తాను కాబట్టి, ఆ అభిప్రాయం బలపడటంలో నా చెయ్యీ కొంత ఉంది. మాది దర్జీ దుకాణం. మునిసిపాలిటీ వాళ్ల వరస గదుల్లో ఏడో నంబరు. రెండు మిషన్లు, ఒక కత్తిరింపుల బల్ల, ఒక ఇస్త్రీపెట్టె, మేమిద్దరం. ఆవిడని అక్కయ్యా అని పిలుస్తాను. ఆవిడ కొలతలు తీసి, కత్తిరించి, కుడుతుంది. నేను కాజాలు తీసి, బొత్తాలు కుట్టి, వచ్చేపోయేవాళ్లతో పోట్లాడతాను.

పోట్లాటల్లో సగం రోడ్డు గురించే. మా వీధికి ఏటా రోడ్డు వేస్తారు. రోలరు వస్తుంది, ఫొటోలు తీయించుకుంటారు, వెళ్లిపోతారు. మొదటి వానకి రోడ్డు కూడా వాళ్ల వెనకే వెళ్లిపోతుంది. పదేళ్లుగా గొంతు చించుకుంటున్నాను. ఫోన్లు చేశాను, ఆఫీసు మెట్లెక్కాను, ఒకసారి ఇంజనీరుగారి జీపుకి అడ్డంగా నిలబడ్డాను కూడా. ఆయన అద్దం దించి, "అమ్మా, కాస్త వెనకనుంచి తొయ్యండి, టైరు గుంటలో దిగబడింది" అన్నాడు. సిగ్గులేకుండా తోశాను.

ఈ ఏడు పైనుంచి కొత్త నిబంధన ఒకటి వచ్చింది. వీధిలో ఉండేవాళ్లలో ఎవరో ఒకరు, పని సరిగ్గా జరిగిందని సాక్షి సంతకం పెడితే తప్ప కాంట్రాక్టరుకి బిల్లు రాదు. ఆ ఒకరు ఎవరైతే బాగుంటుందో మా వార్డు సభ్యుడు చాలా ఆలోచించాడు. ఆయన్ని మేం నవ్వులాయన అంటాం. గోడమీద బొమ్మలో ఎలా నవ్వుతాడో, కుళాయికి నీళ్లు రావట్లేదని మొరపెట్టుకున్నప్పుడూ అచ్చం అలాగే నవ్వుతాడు. ఆయన కళ్లు మా అక్కయ్య మీద పడ్డాయి. నోరు లేని మనిషి, పైగా మునిసిపాలిటీ గదిలో పని చేసుకుంటున్న మనిషి. ఇంతకంటే మంచి సాక్షి ఎక్కడ దొరుకుతుంది?

రోడ్డు వేసి వారం కాకుండానే ఆయన అనుచరుడు కాగితం పట్టుకొచ్చాడు. అతని అసలు పేరు ఎవరికీ తెలియదు, వీధిలో అందరం 'అలాగేసార్' అంటాం.

"ఇక్కడో సంతకం పడేయమ్మా, రెండు నిమిషాల పని," అంటూ కాగితాన్ని కత్తిరింపుల బల్లమీద పరిచాడు. "అన్నట్టు, ఈ గది లీజు నెలాఖరుతో అయిపోతోంది కదూ? సార్ అన్నీ గుర్తుపెట్టుకుంటారు."

నాకు ఒళ్లు మండింది. నేను నోరు తెరిచేలోగానే అక్కయ్య కాగితం మొత్తం చదివి తలెత్తింది. "మందం మూడంగుళాలని రాశారు. ఎవరు కొలిచారు?"

"ఎవరో కొలిచే ఉంటారు లెండి."

"నేను కొలవలేదుగా. కొలవకుండా పెట్టను."

అంతే. మళ్లీ కత్తెర అందుకుంది. ఆ మాటలు నేనే అన్నానేమోనని అలాగేసార్ నావైపు అనుమానంగా చూశాడు. నేను నోరు వెళ్లబెట్టి ఆవిడవైపే చూస్తున్నాను.

సాయంత్రం సంగతి తెలిసి బావగారు కూలబడిపోయారు. ఆయన బస్సు డిపోలో టైంకీపరు. మనిషి మంచివాడు, భయస్తుడు. ఆ ఏడో నంబరు గది కోసం రెండేళ్లు చెప్పులరిగేలా తిరిగింది ఆయనే.

"నీకెందుకే ఈ గొడవ?" అన్నారు భార్యతో. "ఇన్నేళ్లూ నీ సంతకం లేకుండానే పోయింది రోడ్డు. ఇప్పుడు నీ సంతకంతో పోతుంది. పోవడం మాత్రం పోతుందిగా!"

"అదేగా నేనూ అనేది," అంది అక్కయ్య. "నా సంతకంతో పోతుంది."

ఆదివారం పొద్దున్నే మెడలో టేపు వేసుకుని, చేత్తో దబ్బనం పట్టుకుని రోడ్డు మీదకి వెళ్లింది. మా గుమ్మం ఎదురుగా గొంతుక్కూర్చుని దబ్బనాన్ని తారులోకి దించింది. గుడ్డ ఎన్ని మడతలుందో దర్జీ చేతికి సూదే చెబుతుంది. "ఒక్క మడతే. కింద అంతా మట్టే," అంది.

ఎదురింటి తాపీమేస్త్రి పళ్లు తోముకుంటూ చూస్తున్నాడు. "అలా నోటిమాటగా చెబితే వాళ్లు ఒప్పుకోరమ్మా," అని ఉలీ సుత్తీ తెచ్చి అరచేతంత ముక్క లేపాడు. అక్కయ్య టేపు పెట్టింది. ముప్పావు అంగుళం.

ఇక చూడాలి సందడి! క్షౌరశాలాయన వచ్చి తన షాపు ముందు కొలవమన్నాడు. అర అంగుళం. మందుల షాపావిడ, తన షాపు ముందు మాత్రం నిగనిగలాడుతూ బ్రహ్మాండంగా వేశారని గొప్పగా తీసుకెళ్లింది. అక్కడ ఉలి దెబ్బ పడకముందే అట్టలా ఊడొచ్చింది. పావు అంగుళం! ఆవిడ నవ్వలేక కడుపు పట్టుకుంది. ఆ తర్వాత మా వీధిలో అదో పోటీ అయిపోయింది. అర అంగుళం వాళ్లు పావు అంగుళం వాళ్లని చూసి కుళ్లుకున్నారు. నలభై ఒక్క ఇళ్లవాళ్లూ గుమ్మాల్లోకి వచ్చేశారు. పక్కింటివాళ్లతో ఆరేళ్లుగా మాటల్లేని వాళ్లు కూడా, "మీకెంతొచ్చిందండీ?" అని అడిగేశారు.

వెడల్పు కొలవడానికి రెండో మనిషి కావాల్సొచ్చింది. గుమ్మంలో బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ బావగారిని అక్కయ్య పిలిచి టేపు రెండో కొస చేతికిచ్చింది. కొలిచినంత మేర గీత గీసుకుంటూ ఆ చివరికి వెళ్లి, డిపోలో బస్సుల పేర్లు చదివే గొంతుతో, "పదిహేడు అడుగులు!" అని కేకపెట్టారు. కాగితంలో ఇరవై అని ఉంది.

మా వృత్తిలోనూ గుడ్డ మిగుల్చుకునేవాళ్లు లేకపోలేదు. కానీ చొక్కాకి ఒక చెయ్యి కుట్టడం మానేసి, రెండు చేతులకీ కూలి అడిగిన దర్జీని మాత్రం నేనింతవరకు చూడలేదు.

అక్కయ్య కొలతల పుస్తకంలో కొత్త పేజీ తీసి, ఖాతాదారు పేరు రాసేచోట 'మా వీధి' అని రాసి, నలభై ఒక్క కొలతలూ ఎక్కించింది. సాక్షి కాగితం వెనక అవే మళ్లీ దించి, 'ఇవి నేను కొలిచినవి' అని రాసి కింద సంతకం చేసింది. అలాగేసార్ అది చూసి, జీవితంలో మొదటిసారి, "అలా కుదరదమ్మా!" అన్నాడు.

వాళ్లు ఇంకో కాగితం తయారు చేసుకున్నారు. అక్కయ్య కాకపోతే ఇంకొకరు. నలభై ఒక్క ఇళ్లలో ఒక్కరంటే ఒక్కరు పెడితే చాలు వాళ్లకి. అన్ని ఇళ్లలో ఒక్కరైనా లొంగిపోరా? అలాగేసార్ మూడు రోజులు గడప గడపకీ తిరిగాడు. క్షౌరశాలాయన ఒకరి చెంప మీద నురగ అలాగే వదిలేసి, "మూడంగుళాలు చూపించు, రెండు చేతులతో పెడతా" అన్నాడు. మందుల షాపావిడ ఊడొచ్చిన ముక్కని గాజు పలకల మధ్య పెట్టి ఉంచింది, దాన్నే చూపించింది. మేడమీద ఉండే, చూపు ఆనని ముసలావిడ, "చదవలేను నాయనా. కానీ నా చేతికర్ర మాత్రం మీ రోడ్డులో దిగబడుతోంది," అంది. అతను వట్టి చేతులతో తిరుగుతుంటే నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. ఇన్నాళ్లూ ఈ వీధివాళ్లని చవటలని తిట్టినందుకు లోపల్లోపలే చెంపలేసుకున్నాను.

గురువారం మధ్యాహ్నం నవ్వులాయన బావగారిని కబురంపి పిలిపించుకున్నాడు. బావగారూ ఈ వీధి మనిషేగా. ఆ సంతకమూ చెల్లుతుంది.

ఆయన వెళ్లిన దగ్గర్నుంచి అక్కయ్య మిషను దారం మూడుసార్లు తెగింది. కాలరు తిరగేసి కుట్టేసింది. పదేళ్లలో ఆవిడ కుట్టు తప్పడం నేను చూడలేదు.

"పెట్టేసి వస్తారు చూడు," అన్నాను, కోపం ఆపుకోలేక. "ఆయన పిరికితనం నాకు తెలీదా?"

"పెడితే పెట్టనీ. నువ్వు మాత్రం ఒక్క మాటా అనకు," అంది అక్కయ్య. "ఆయన భయం తన గురించి కాదే. నేనెక్కడ కూర్చుని కుట్టుకుంటానా అని."

మూడింటికి ఆయన వచ్చారు. భుజాలు వాలిపోయి ఉన్నాయి. స్టూలు మీద కూర్చుని మంచినీళ్లు అడిగి తాగారు.

"గది ఖాళీ చెయ్యమన్నారు," అన్నారు చివరికి. "నెలాఖరుకి."

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. "అంటే పెట్టలేదా?" అన్నాను నేనే.

"పెట్టేద్దామనే వెళ్లానమ్మా, అబద్ధమెందుకు? లీజు కాగితం ఇటు, సాక్షి కాగితం అటు, మధ్యలో కలం. నవ్వుతూనే ఉన్నాడాయన. కలం తీశాను కూడా. తీరా చదివితే, 'నేను స్వయంగా చూశాను, వెడల్పు ఇరవై అడుగులు' అని ఉంది." బావగారు భార్యవైపు తిరిగారు. "టేపు రెండో కొస పట్టుకుంది నేనేగా! పదిహేడని వీధంతా వినేలా అరిచింది నేనేగా! గంట ఆలస్యంగా వచ్చిన బస్సుని టైముకి వచ్చిందని ఏనాడూ రాయలేదు నేను. ఇదెలా రాయను? రాయలేనండీ అని లేచొచ్చేశాను."

అక్కయ్య నవ్వింది. మామూలుగా పెదవి చివర నవ్వే మనిషి, ఈసారి పక్క గదుల వాళ్లు తొంగిచూసేంత గట్టిగా నవ్వింది. తర్వాత కళ్లు తుడుచుకుంది. "నువ్వు రెండేళ్లు తిరిగి తెచ్చిన గదయ్యా," అంటే, "ఇంకో రెండేళ్లు తిరుగుతాలే," అన్నారాయన.

గది పోయింది, ఆ మాట దాచను. నెలాఖరున మిషన్లు మందుల షాపావిడ వరండాలోకి చేరాయి. కత్తిరింపుల బల్లని తాపీమేస్త్రీ క్షౌరశాలాయనా మోసుకెళుతుంటే, అది రాజుగారి పల్లకీ అన్నట్టు ముందు నడిచి దారి ఇమ్మని కేకలేసింది నేనే. వరండాలో గాలి బాగా వస్తుంది. వచ్చేపోయేవాళ్లందరూ కనబడతారు కాబట్టి నాకు పోట్లాటలకి కూడా అనువుగా ఉంది.

సాక్షి దొరక్క బిల్లు ఆగింది. బిల్లు ఆగేసరికి కాంట్రాక్టరే దిగొచ్చి, పాత పొర లేపించి, కంకర పరిపించి, మళ్లీ రోడ్డు వేయించాడు. వేశాక కాగితం పట్టుకుని వరండా మెట్ల దగ్గర చేతులు కట్టుకు నిలబడ్డాడు. "ఒక్కసారి కొలిచి చూడండమ్మా." అక్కయ్య కొలిచింది. నలభై చోట్ల మూడంగుళాలు. క్షౌరశాల ముందు రెండున్నర. కాంట్రాక్టరు వెంటనే ఇంకో బండి తారు తెప్పించాడు.

వెడల్పు కొలిచినప్పుడు రెండో కొస కోసం పది మంది పోటీపడ్డారు గానీ, బావగారు ఎవరికీ ఇవ్వలేదు. "ఇరవై అడుగులు!" అన్న కేకకి చప్పట్లు మోగాయి.

అప్పుడు అక్కయ్య కాగితాన్ని మిషను మీద పెట్టుకుని కలం తీసింది. ఎంతకీ రాయదు. కలానికి రెండుసార్లు మూత పెట్టి, మళ్లీ తీసింది.

"ఇప్పుడెందుకు భయం అక్కయ్యా? అంతా సరిగ్గానే ఉందిగా!"

"భయం కాదే," అంది. "ఇన్నేళ్లలో ఎన్ని కాగితాల మీద పెట్టానో. నా సంతకం కోసం ఒక పని ఆగడం, నా సంతకంతో ఒక పని పూర్తవడం ఇదే మొదటిసారి."

నిదానంగా, ఒక్కో అక్షరం విడివిడిగా, ఇంటిపేరుతో సహా రాసింది. ఆవిడ ఇంటిపేరు రాయడం నేనెప్పుడూ చూడలేదు.